వాగును బాగుచేస్తే పాడుచేశారన్నారు

నీటిపారుదల శాఖలో నేను చేసిన ఉద్యోగమంతా ఒక ఎత్తు, చివరి ఏళ్లలో ఒక వాగును బతికించిన పని ఒక ఎత్తు. ఆ పని మీద నాకు వచ్చిన మొదటి ఫిర్యాదు ఇది: "మా నాలాను నాశనం చేసిండ్రు మేడం."

ఫిర్యాదు చేసినవాళ్లు నా బల్ల ముందు గుంపుగా నిలబడ్డారు. అందరికంటే ముందు సర్పంచ్ సుజాత. వాళ్లు నిజంగానే బాధపడుతున్నారు. నాకేమో నవ్వు ఆగడం లేదు. ఏళ్ల తరబడి సబ్బు నురుగు, కవర్లు తప్ప ఏమీ తేలని ఆ నీళ్లలో సరిగ్గా ఆ వారమే వేలెడంత చేపపిల్లల గుంపును చూసి వచ్చాను. ఇంటికి వెళ్లి ఎవరికి చెప్పినా నాకు పిచ్చిపట్టిందేమో అన్నట్లు చూశారు. ఇప్పుడు వీళ్లు వచ్చి వాగు పాడైపోయిందంటున్నారు.

కొత్తగా ఈ శాఖలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మా ఉద్యోగం ఎలా ఉండబోతుందో చెప్పండి మేడం అని అడుగుతుంటారు. వాలు లెక్కగట్టడం, ప్రవాహం కొలవడం మీకు చదువులో నేర్పారు. మీరు బాగుచేసిన వాగును చూసి జనం ముక్కు మీద వేలేసుకుంటే ఏం చేయాలో మాత్రం నేర్పి ఉండరు. నాకూ ఎవరూ నేర్పలేదు. ఆ వాగు దగ్గరే నేర్చుకున్నాను, అదీ బాగా నవ్వుకుంటూ నేర్చుకున్నాను. అందుకే అది రాస్తున్నాను.

ఆ వాగు

కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే దిక్కున, పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలు కలిసే చోట ఒక పెద్ద ఊరు. పేరు రాయను. రాస్తే సుజాత మళ్లీ నా మీదికి వస్తుంది. ఆ ఊరిని ఆనుకుని పారే వాగు పోయిపోయి డిండిలో కలుస్తుంది. పాత కాగితాల్లో దానికి వాగనే పేరుంది. ఊళ్లో మాత్రం అందరూ నాలా అనేవారు. నాలా అన్నాక ఇక అందులో ఏం వేసినా ఫరవాలేదు కదా. కోళ్ల షాపుల ఈకలు, ఇళ్ల మురుగు, పెళ్లిళ్లలో మిగిలిన ప్లాస్టిక్ ప్లేట్లు, అన్నీ అందులోనే. ఎప్పుడో ఎవరో దాన్ని సూటిగా తవ్వి రెండు పక్కలా గోడ కట్టారు. మిగిలిన జాగా అంతా సర్కారు తుమ్మ పట్టేసింది.

రాష్ట్రం వచ్చాక చెరువుల పూడిక తీస్తున్న రోజులవి. ఎగువ చెరువులకు ఎత్తిపోతల నీళ్లు రావడంతో ఆ వాగులో ఎండాకాలంలోనూ సన్నగా నీళ్లు పారసాగాయి. ఎటూ నీళ్లు వస్తున్నాయి కదా, వాగును మళ్లీ వాగులా చేద్దామని ఒక ఆలోచన పుట్టింది. ఆ పని నా చేతిలో పెట్టారు.

నాకు అంతకంటే ఏం కావాలి? నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మాకు సెంటు భూమి లేదు. మా అమ్మ మరియమ్మ, బాపు ఇద్దరూ కూలికి పోయేవారు. ఎవరి పొలంలో అడుగుపెట్టినా ఎవరి పిల్లవే నువ్వు అని అడిగేవారు. వాగులో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఎండాకాలం సెలవులంతా నేనూ మా చెల్లీ నడుముల దాకా నీళ్లలో నిలబడి, పాత చీర ముక్కతో చేపలు పట్టేవాళ్లం. అమ్మ తిట్టేది, మళ్లీ అవే చేపలు పులుసు పెట్టేది. వాగు పని అనగానే నాకు ఆ పులుసు వాసన వచ్చింది. కొత్త చీర కట్టుకుని ఆఫీసుకు పోయాను ఆ రోజు.

పెద్దసారు గీత

మా పై అధికారి రఘునందన్ సారు. ఆయన గురించి మంచే చెప్పాలి. ఒకరి దగ్గర టీ కూడా ఊరికే తాగేవారు కాదు. కాంట్రాక్టర్లు ఆయన కారు శబ్దానికే లేచి నిలబడేవారు. కానీ ఆయనకు అందమైన నది అంటే ఫంక్షన్ హాల్. గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు, రంగుల లైట్లు, ఫోటోలు దిగడానికి మనిషంత ఇంగ్లీషు అక్షరాలు. ఇవి లేని నీళ్లను ఆయన నది అని ఒప్పుకునేవారు కాదు.

నేను గీసిన బొమ్మ తీసుకెళ్లి చూపించాను. మురుగు కాలువలు నేరుగా వాగులో పడకుండా ముందు గుంటల్లో నిలిచి, కంకర పరిచిన జమ్ము గడ్డి మడుల గుండా వడకట్టుకుని రావాలి. ఒక పక్క గోడ తీసేయాలి. సూటిగా తవ్విన చోట పాత వంపులు మళ్లీ ఇవ్వాలి. గట్ల మీద సర్కారు తుమ్మ పీకి ఏరుమద్ది, కానుగ, వావిలి పెట్టాలి. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ వంపుల మీద వేలు పెట్టారు.

"సువార్తా, ఇంజనీరు గీసిన గీత సూటిగ ఉండాలెనమ్మా. గిట్ల వంకర టింకర గీస్తే నేను తాగి సంతకం పెట్టిన్నంటరు."

ఆ పాత వంపు దగ్గర కట్టిన గోడ వరదకు రెండుసార్లు పడిపోయిందని ఆయనకూ తెలుసు. వాగు అటువైపే పోతానంటుంటే మనం అడ్డం నిలబడుతున్నాం సార్, మూడోసారి కట్టినా మూడోసారి పడగొడుతుంది అన్నాను.  చివరికి ఆయన, "సరే. ఒక్క మలుపు. ఒక్కటే" అన్నారు.

నేను రెండు పెట్టాను. ఆయన వచ్చి చూసి, ఇది ఒకటేనా అని అడిగారు. పొడుగ్గా ఉంది సార్, మధ్యలో కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది అన్నాను. ఆయన నవ్వు దాచుకోవడానికి దగ్గారు.

పురుగుల మీటింగు

పని మొదలుపెట్టే ముందు గ్రామ పంచాయతీలో మీటింగు పెట్టాం. మంచి వాగు అంటే ఎలా ఉండాలో చెప్పండి అని జనాన్నే అడిగాను. ఇది నేను చేసిన తెలివైన పని. తరువాత మాట్లాడింది మాత్రం తెలివైన పని కాదు.

సుజాతకు ట్యాంక్‌బండ్ లాంటిది కావాలి. వాళ్ల ఆడబిడ్డ హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా మీ ఊళ్లో కూర్చోవడానికి జాగా కూడా లేదా అంటుందట. రిటైరైన ఒక పంతులు గారికి పడవ కావాలి. మహిళా సంఘం వాళ్లకు బతుకమ్మను నీళ్లలో వదిలేందుకు మెట్లు కావాలి. గొర్ల కాపరుల సంఘం పెద్ద బీరన్న మూలన కర్ర పట్టుకుని నిలబడి, తన గొర్లు నీళ్లు తాగితే చాలు, ఇంకేం వద్దన్నాడు. చేపలు కావాలని, పిట్టలు కావాలని, నీడ కావాలని ఒక్కరూ అనలేదు.

అప్పుడు నేను ఉత్సాహం పట్టలేక లేచాను. నీళ్లు బాగుపడితే మొదట ఏం వస్తుందో తెలుసా అని అడిగాను. అందరూ నా వైపు ఆశగా చూశారు. పురుగులు వస్తాయి అన్నాను. తూనీగల పిల్లలు, నీటి పేడపురుగులు, రకరకాల పురుగులు వస్తాయి, వాటిని తినడానికి చేపలు వస్తాయి అని చేతులు తిప్పుకుంటూ చెప్పాను. 

సుజాత నెమ్మదిగా లేచింది. "నీళ్లల్ల పురుగులు రావాల్నని గవర్నమెంటు గింత కష్టపడుతాందా మేడం?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను? మీరు ఏ ఊరికి వెళ్లినా ఇది గుర్తుపెట్టుకోండి: పురుగులతో మొదలుపెట్టకండి.

కానీ ఆ రోజే నాకొకటి అర్థమైంది. శుభ్రం అనే మాట దగ్గరే మనకూ జనానికీ తేడా ఉంది. వాళ్లకు శుభ్రం అంటే ఊడ్చిన వాకిలి. కసువు ఉండకూడదు, మట్టి కనిపించకూడదు, అంచులు నీటుగా ఉండాలి. మనకు శుభ్రం అంటే ఆ నీళ్లలో ఎన్ని ప్రాణాలు బతుకుతున్నాయన్నది. బతికే వాగు ఊడ్చిన వాకిలిలా ఉండదు. గడ్డి పెరుగుతుంది, ఆకులు రాలుతాయి, బురద ఉంటుంది. అంటే మనం పని ఎంత బాగా చేస్తే వాళ్లకు అంత చేయనట్టు కనిపిస్తుంది. ఇది వాళ్ల తప్పు కాదు. పాతికేళ్లుగా వాళ్లకు చూపించిన నదుల ఫోటోలన్నీ గ్రానైట్‌వే.

అందుకే మహిళా సంఘం అడిగిన మెట్లు కట్టించాను. గ్రానైట్ కాదు, ఆ గుట్టల రాయితోనే, ఒక చిన్న వరస. పుస్తకాల్లో చదువుకున్న మా మిత్రులు కొందరు, వాగులో మెట్లేమిటి అని ముఖం చిట్లించారు. ఆ మెట్ల మీద ఆ ఏడు బతుకమ్మలు వదిలిన ఆడవాళ్ల ముఖాలు వాళ్లు చూడలేదు.

బీరన్న గొర్లు

మొక్కలు నాటాక గట్టు చుట్టూ ముళ్లకంచె వేయించాం. వారం తిరగకముందే కంచె ఒకచోట విరిగింది, కానుగ పక్కన ఉన్న లేత గడ్డంతా మాయమైంది, దాంతోపాటు మొక్కల చిగుళ్లు కూడా. వెళ్లేసరికి బీరన్న గొర్లు హాయిగా నీళ్ల పక్కన పడుకుని నెమరు వేస్తున్నాయి. బీరన్న కూడా పడుకునే ఉన్నాడు, తలకింద తువ్వాల పెట్టుకుని.

చెట్లు పెరిగేదాకా రెండేళ్లు ఆగాలని, ఆ తరువాత ఊరందరికీ మంచిదని నచ్చజెప్పబోయాను. ఆయన లేవకుండానే విన్నాడు.

"రెండేండ్లు నా గొర్లు నోట్ల వేలు పెట్టుకోని కూసుంటయా మేడం? వాటికి మీ పర్యావరణం తెల్వదు. దూప తెలుసు."

దప్పిక రెండేళ్లు ఆగదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఊళ్లో ఎవరూ తమ బోరు నీళ్లు గొర్లకు ఇవ్వరు. వాగే వాటికి దిక్కు. ఆయన కొడుకు చదువు, బిడ్డ పెళ్లి, అన్నీ ఆ మందలోంచే రావాలి. మనం ఒక మంచి పని కోసం ఇంకొకరి బతుకుకు తాళం వేసి, తాళంచెవి రెండేళ్ల తరువాత ఇస్తామంటే ఎవరు ఊరుకుంటారు?

ఆయనతోనే గట్టంతా నడిచాను. గొర్లు ఎక్కడ దిగితే మట్టి కోసుకుపోదో చూసి రెండుచోట్ల రాళ్లు పరిచి వాలు దారులు చేయించాం. కంచె ఆ దారులకు పక్కనుంచి తిప్పాం. మూడోనాటికే బీరన్న దానికి గొర్ల రేవు అని పేరుపెట్టాడు. నెల తిరిగేసరికి వచ్చేపోయే వాళ్లందరికీ వాగు పని మొత్తం తనే చేయించినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కన ఉన్నప్పుడు కూడా చెప్పేవాడు. గీ మేడం గూడ జర సాయం చేసింది అని నన్ను చూపించేవాడు. నాకు అంతకంటే పెద్ద సన్మానం ఎవరూ చేయలేదు. పైగా ఆయన అలా చెప్పుకున్నంత కాలం ఒక్క మొక్కను కూడా ఎవరినీ ముట్టనివ్వలేదు.

మొసలి

రెండో వానాకాలం పోయేసరికి జమ్ము మనిషెత్తు పెరిగింది. రెల్లు పూసింది. నాకు చూస్తే కడుపు నిండిపోయేది. ఊరికి మాత్రం గుండె జారిపోయింది. నేను మొదట్లో చెప్పిన ఫిర్యాదు అప్పుడే వచ్చింది. నాలా అయితే కనీసం ఇవతలి నుంచి అవతలికి కనపడేదట, ఇప్పుడు అడవి అయిపోయిందట, పాములు వస్తాయట, చూసినవాళ్లు ఊరిని ఏమనుకుంటారట. గడ్డంతా గీకేయించమన్నారు. వారం వారం రఘునందన్ సారుకు ఫోన్లు వెళ్లాయి. ఆయన నాకు చేశారు. నేను రేపు మాపు అని జరుపుతున్నాను.

అప్పుడే ఆ వీడియో వచ్చింది. ఎవరో సాయంత్రం పూట గట్టు మీద నుంచి ఫోన్‌లో తీశారు.  జమ్ము పక్కన మడుగులో నల్లగా, పొడుగ్గా, అలలు చీల్చుకుంటూ ఏదో పోతోంది. తీస్తున్నవాడి గొంతు, మొసలి, మొసలి అంటోంది. తెల్లారేసరికి ఆ వీడియో చూడనివాళ్లు మండలంలో లేరు. బట్టలుతికేవాళ్లు రావడం మానేశారు. బీరన్న గొర్లను బోరు దగ్గరికి తోలి తిట్లు తిన్నాడు. మా చెల్లి నకిరేకల్ నుంచి ఫోన్ చేసి, నువ్వు మొసళ్లను పెంచుతున్నావట కదా అక్కా అని అడిగింది.

రఘునందన్ సారు నుంచి ఫోన్ వచ్చింది. రేపు పొద్దున జేసీబీ వస్తుందని, గట్టు నున్నగా అయ్యేదాకా అక్కడి నుంచి కదలొద్దని అన్నారు. రెండేళ్ల జమ్ము, ఒక పూటలో పోతుంది. ఆ వేర్ల మధ్య ఇల్లు కట్టుకున్న చేపపిల్లలు పోతాయి. మురుగు మళ్లీ నేరుగా నీళ్లలోకి వస్తుంది.  నా నోరు దానంతట అదే మాట్లాడింది.

"సార్, మొసలి నిజంగ ఉంటే అటవీశాఖను అడగకుండ ఆ జాగల మనం చెయ్యి పెట్టొద్దు. మొసలి లేకుంటే జేసీబీ అవసరమే లేదు."

 "నువ్వు ఇంజనీరువా, వకీలువా?" అన్నారు సారు. తరువాత, రేపు ఒక్కరోజు చూద్దాం, నేనే వస్తా అన్నారు.

నేను వెంటనే అమ్రాబాద్ వైపు పనిచేసే నరేశ్ అనే అటవీ అధికారిని రమ్మన్నాను. కుర్రవాడు, జంతువులంటే ప్రాణం. మొసలి అనగానే అవతల ఎగిరి గంతేసిన శబ్దం వినిపించింది.

జాతర

పొద్దున్నే వెళ్లేసరికి గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. పక్క ఊళ్ల నుంచి ఆటోలు వచ్చాయి. ఎవరో మిరపకాయ బజ్జీల బండి తెచ్చి పెట్టారు. అంతమంది వచ్చాక ఐస్‌క్రీం బండి ఎందుకు ఊరుకుంటుంది, అదీ వచ్చింది. జేసీబీ కూడా వచ్చింది, కానీ పని లేక డ్రైవరు దాని తొట్టిలో నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, బజ్జీలు తింటున్నాడు. బీరన్న గొర్ల రేవు దగ్గర నిలబడి, మొసలి వస్తే ఎటు పరిగెత్తాలో అందరికీ చెబుతున్నాడు.

సుజాత ఇంట్లోంచి కుర్చీ తెప్పించుకుంది. నాకు కూడా ఒకటి తెప్పించింది. కోపంగానే తెప్పించింది, కానీ తెప్పించింది. ఇద్దరం కూర్చున్నాం.

మొసలిని చూడాలంటే నీళ్లను చూడాలి కదా. వందలమంది కళ్లార్పకుండా నీళ్లను చూస్తున్నారు. నా ఉద్యోగంలో అంతకుముందు ఎన్నడూ జరగని సంగతి ఇది. ఒక లకుముకిపిట్ట నీళ్లలోకి దూకి చేపను పట్టింది. జనం ఓహో అన్నారు. ఎవరో తాబేలును చూసి మొసలి అన్నారు, అందరూ నవ్వారు. చేప ఎగిరినప్పుడల్లా కేరింతలు. పిట్టకు పేరేమిటో తెలియక వాదులాడుకున్నారు. ఎండ ఎక్కింది. ఎవరూ కదల్లేదు. కానుగలు అప్పటికి మనిషి కూర్చునేంత నీడ ఇస్తున్నాయి, జనం వాటి కింద సర్దుకున్నారు.

మధ్యాహ్నం దాటాక సుజాత గొంతు తగ్గించి అడిగింది. "మేడం, గీడ గింత చల్లగుంటదా రోజూ?"

రోజూ ఇలాగే ఉంటుంది అన్నాను.  ఆమె కుర్చీ ఇంకాస్త నీడలోకి జరుపుకుంది.

రఘునందన్ సారు తెల్ల చొక్కా, నిగనిగలాడే బూట్లతో వచ్చారు. గట్టు పైనే నిలబడి జేసీబీ వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. నరేశ్ కళ్లకు దుర్భిణి పెట్టుకుని జమ్ము పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు. పొద్దు వాలింది. బజ్జీలు అయిపోయాయి. కొందరు లేచి దుమ్ము దులుపుకుంటున్నారు.

అప్పుడు కనిపించింది. నల్లగా, పొడుగ్గా, వీడియోలో చూసినట్టే, మడుగు మీద గీత గీసుకుంటూ. ఎవరో పిల్లను ఎత్తుకుని వెనక్కి పరిగెత్తారు.  ఆ పొడుగాటి మొసలి మడుగు మధ్యకు వచ్చి, ఉన్నట్టుండి ముక్కలు ముక్కలైంది. ఒక తల ఇటు, ఒక తల అటు, వెనక ఇంకా కొన్ని. గుండ్రటి తలలు, మీసాలు. ఒకటి నీళ్లలోకి మునిగి చేపతో లేచి, తల పైకెత్తి, రెండు చేతులతో పట్టుకుని కరకర నమలడం మొదలుపెట్టింది.

నరేశ్ లేచి బురద బట్టలతోనే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.  "నీటికుక్కలు మేడం. ఒకదానెనక ఒకటి ఈదుతుంటే మొసలి లెక్క కనపడ్డయి. డిండి దిక్కు నుంచి ఎక్కొచ్చినయి. చేపలు లేని నీళ్లకు ఇవి రానే రావు."

ఆ మాట గట్టు పొడుగునా పాకింది. నీటికుక్కలట, నీటికుక్కలట. బీరన్న, నీళ్లలో కుక్కలేమిటి, మొరుగుతాయా అని అడిగాడు. అవి నిజంగానే కీచుకీచుమన్నాయి. జనం ఈలలు వేశారు. ఆ గోలకు కూడా అవి పోలేదు, ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి. చిన్నది ఒకటి తల్లి వీపెక్కి జారిపడింది. ఆడవాళ్లు నవ్వి నవ్వి ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు.

నేను పక్కకు చూసేసరికి రఘునందన్ సారు గట్టు పైన లేరు. నీళ్ల అంచున ఉన్నారు. ఆ బూట్లు చీలమండల దాకా బురదలో దిగబడి ఉన్నాయి. ఆయనకు ఆ సంగతే తెలియదు.

"సువార్తా, సూడు సూడు," అంటున్నారు. "అది పల్టీ కొట్టింది."

జేసీబీ వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెళుతూ వెళుతూ కొంతమందిని తొట్టిలో ఎక్కించుకెళ్లి ఊళ్లో దింపింది.

మళ్లీ కోపం

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఉద్యోగం అలా ఉండదు.

ఆ తరువాత ఆ ఊరికి నీటికుక్కల పిచ్చి పట్టింది. వాటికి రొట్టెలు, బిస్కెట్లు వేయడం మొదలైంది. వద్దని చెప్పడానికి నేనూ నరేశ్ గొంతు పోగొట్టుకున్నాం. సుజాత వాళ్ల ఆడబిడ్డ హైదరాబాదు నుంచి వచ్చి, మూడు రోజులుండి వెళ్లింది. గడ్డి గీకమన్నవాళ్లే, ఎవరైనా పశువుల కోసం జమ్ము కోస్తే కొట్లాటకు పోయారు. నాలా అనే మాట ఎప్పుడు పోయిందో నాకు తెలియదు, వాగు అనడం మాత్రం విన్నాను. రఘునందన్ సారు ఒకరోజు ఫోన్ చేసి, గ్రానైట్‌తో ఒక నీటికుక్క బొమ్మ పెడదామా అని అడిగారు. ఆయన గొంతులో ఎంత ఆశ ఉందంటే నాకు వద్దనడానికి నోరు రాలేదు. చూద్దాం సార్ అన్నాను. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

ఎండాకాలం వచ్చింది. మడుగులు చిన్నవయ్యాయి. నీటికుక్కలు ఒకరోజు కనిపించలేదు. మరుసటి రోజూ కనిపించలేదు. వాటికి ఒక చోట ఉండే అలవాటు లేదు, చేపలు ఎక్కడుంటే అక్కడికి పోతాయి. ఆ సంగతి జనానికి మేము చెప్పలేదు. మళ్లీ అందరూ నా బల్ల ముందుకు వచ్చారు. మళ్లీ సుజాతే ముందు.

"మా కుక్కలను యాడికి తోలిండ్రు మేడం?"

నేనే తోలాననే అనుకున్నారు. ఇంకో ఊరికి మార్చేశానని, అక్కడి ఎవరో పెద్దమనిషి అడిగితే ఇచ్చేశానని పుకారు. వాగు మళ్లీ పాడైందన్నారు. తగ్గినా నీళ్లు అవే, చేపలు అవే, నీడ అదే. కానీ జనం వాగును ఒక్క జంతువులోనే చూసుకున్నారు. అది పోతే వాగు పోయినట్టే.

ఇలాంటప్పుడు మన శాఖలో అందరూ అనే మాట ఒకటుంది, జనానికి ఏం తెలుసు అని. దయచేసి మీరు ఆ మాట అనకండి. మన పనిలో అంతకంటే బద్ధకపు మాట లేదు. జనానికి ఏం కనిపిస్తుందో అదే తెలుస్తుంది. మనం వాళ్లకు ఏం చూపించామన్నది మన లెక్క. మొదటి రెండేళ్లూ వికారంగా ఉంటుందని ముందే చెప్పండి. ఎండాకాలం నీళ్లు తగ్గుతాయని, వచ్చినవి పోతాయని, పోయినవి వస్తాయని వందసార్లు చెప్పండి. గొర్లకు దారి, బతుకమ్మకు మెట్లు మొదటి రోజే ఇవ్వండి. ఆ పైన వాళ్లు వాగును ఏ కారణంతో ప్రేమించినా ఫరవాలేదు. నీటికుక్క కోసం ప్రేమిస్తే నీటికుక్క కోసం, ఆడబిడ్డ ముందు గొప్ప కోసం అయితే గొప్ప కోసం. కారణం తప్పని మనం ముఖం మాడ్చుకోకూడదు. నేను ఆ రోజు వాళ్లందరినీ వాగు దగ్గరికి తీసుకెళ్లి, బురదలో నీటికుక్కల పాదాల గుర్తులు చూపించాను. డిండి వైపు పోయిన గుర్తులు. వాళ్లే వాటి వెంట చాలా దూరం నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు సుజాత చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్లలోనే నడిచింది.

వానలు పడ్డాక అవి మళ్లీ వచ్చాయి. మళ్లీ పోయాయి. ఈసారి నా దగ్గరికి ఎవరూ రాలేదు.

పోయిన చలికాలం

రిటైరై నల్లగొండలో ఉంటున్నాను. పోయిన చలికాలం ఒకరోజు ఉండబట్టక బస్సెక్కి ఆ ఊరికి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. బస్టాండు నుంచి నడుచుకుంటూ వాగు దగ్గరికి పోయాను. ఏరుమద్దులు నా తల కంటే ఎంతో ఎత్తు పెరిగాయి. నీళ్లు వంపు తిరిగే చోట గులకరాళ్ల మీద గలగలమంటున్నాయి. ఇద్దరు ఆడవాళ్లు రాళ్ల మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నారు. అత్తాకోడళ్లు. కోడలు కొత్తగా వచ్చింది, పోచంపల్లి పిల్లట. ఇద్దరూ నాకు తెలియరు, వాళ్లకు నేనూ తెలియను.

కోడలు చుట్టూ చూసి అడిగింది. "గిదంత ఎవరు చేసిండ్రు అత్తమ్మా? మా దిక్కు గిట్ల లేదు."

అత్త ఆమె వైపు వింతగా చూసింది. "వాగును ఎవలన్న చేస్తరానే? ఎప్పటిసంది గిట్లనే ఉన్నది."

నాకు ఒళ్లంతా గిలిగింతలు పెట్టినట్టయింది. పక్కనున్న చెట్టు పట్టుకున్నాను. మేము తీసిన గోడ, పీకిన తుమ్మ, పోసిన కంకర, మోసిన రాళ్లు, రఘునందన్ సారు దగ్గు, ఆ పురుగుల మీటింగు, ఏదీ లేదు. ఎవరూ ఏమీ చేయలేదు. వాగు ఎప్పటినుంచో ఇలాగే ఉంది. ఉద్యోగంలో నేను కన్న ఏ కలా అంత దూరం పోలేదు.

నేను నవ్వుతుంటే ఆమె నన్ను చూసింది. ఏ ఊరమ్మా మీది, మా వాగు చూడనీకి వచ్చిండ్రా అని ఆప్యాయంగా అడిగింది. నల్లగొండ నుంచి వచ్చానన్నాను. నీళ్లలోకి దిగండి, భయం లేదు, మంచిగుంటుంది అంది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. క్షణంలో చేపపిల్లలు వచ్చి నా కాళ్లు కొరకడం మొదలుపెట్టాయి. ఈ వయసులో నేను చిన్నపిల్లలా కేకలు పెట్టి నవ్వాను, పడబోయి నిలదొక్కుకున్నాను, మళ్లీ నవ్వాను.

వెనక నుంచి అత్త తన కోడలికి చెప్పడం వినిపించింది. "పాపం, పట్నపోళ్లు. వాగును ఎన్నడన్న చూసిండ్రో లేదో."